బక్కమ్మ పేర్చిన సీసాలు

పటాన్‌చెరు,
2025 జూన్ 9, సోమవారం

నర్సింహులు మామకు,

ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వుతావని తెలుసు. కానీ ఏం చేయను? ఫోన్ చేస్తే నీకు వినపడదు. అత్తమ్మ పక్కన నిలబడి నా మాటలు నీకు చేతులతో చూపిస్తుంది. నేను ఒకటి చెబితే నీకు ఇంకొకటి చేరుతుంది. పోయినసారి నాకు ప్రమోషన్ వచ్చిందంటే, పెళ్లి కుదిరిందనుకుని ముహూర్తం ఎప్పుడని అడిగావు! మెసేజ్ పెడదామంటే నీది బటన్ల ఫోను, అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. మీ హత్నూర నుంచి ఇంద్రజ అనే అమ్మాయి మా కంపెనీలో కొత్తగా చేరింది. రోజూ కంపెనీ బస్సులోనే వచ్చి పోతుంది. ఉత్తరాలు తెచ్చి ఇస్తానంది.

సంగతేమిటంటే, గుమ్మడిదల దాటాక ఉన్న మా మందుల కంపెనీలో నన్ను మూడో లైనుకు సూపర్‌వైజర్‌ని చేశారు. సీసాల్లో టానిక్ నింపి, మూత బిగించి, లేబుల్ అంటించే లైను. నా కింద పదకొండు మంది. వచ్చిన చిక్కల్లా సీసాలు పగలడమే. ఖాళీ సీసాలను ఒక గుండ్రటి బల్ల మీద పెడితే, బల్ల తిరుగుతూ వాటిని ఒక సన్నటి సందులోంచి బెల్టు మీదికి పంపుతుంది. ఆ సందు దగ్గరే పడి పగులుతాయి. పగిలిన ప్రతిసారీ లైను ఆపి, గాజు ముక్క ఒక్కటి మిగలకుండా ఊడ్చి, చుట్టూ ఉన్న సీసాలన్నీ పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. పోయిన వారం ఒకామె వేలు తెగింది.

దీనికి తోడు మా మేనేజర్ రాజారావు సార్ క్యాంటీన్ పక్కన సలహాల పెట్టె ఒకటి పెట్టించారు. రెండు నెలల్లో అందులో పదిహేను చీటీలు పడ్డాయి. పద్నాలుగు పప్పు నీళ్లలా ఉందని, ఒకటి ఎవరిదో చెప్పు పోయిందని. సార్‌కు కోపం వచ్చింది. నెలాఖరుకల్లా ప్రతి లైను నుంచి రెండు మంచి ఆలోచనలు రావాల్సిందేనన్నారు. మంచి ఆలోచన ఇచ్చినవాళ్ల ఫొటో గేటు దగ్గర బోర్డు మీద పెడతారట.

నువ్వు ముప్పై ఏళ్లు మిషన్ల మధ్య బతికినవాడివి. ఇప్పుడు కూడా ఊళ్లో చెడిపోయిన ప్రతి మోటారూ నీ షాపు గడపే తొక్కుతుంది. నాకొక ఆలోచన చెప్పు మామా. అత్తమ్మ పంపిన చింతకాయ తొక్కు అయిపోయింది, అది కూడా గుర్తు చెయ్యి.

నీ మేనకోడలు
రవళి

*

హత్నూర,
జూన్ 12

రవళి బిడ్డకు దీవెనలు.

ఉత్తరం అందింది. ఇంద్రజ బస్సు మన మూల మీద రెండు నిమిషాలే ఆగుతుంది, కాబట్టి సూటిగా రాస్తున్నాను. ఆ పెట్టెలో ఏమీ వేయకు.

ఎందుకో చెబుతాను. పటాన్‌చెరు ప్రెస్ షాపులో నేను పనిచేసిన రోజుల్లో, రేకును ఒక్క దెబ్బతో కోసే మిషన్లు ఉండేవి. కోసిన ముక్కను చెయ్యి లోపల పెట్టి తీయాలి. దెబ్బ ఒక్క క్షణం ముందు పడితే వేళ్లు ఉండవు. నేను ఇంట్లో కూర్చుని పొడుగు పట్టుకారు ఒకటి చేశాను, మొన దగ్గర అయస్కాంతం పెట్టి. చెయ్యి లోపలికి పోకుండానే ముక్క బయటికి వచ్చేది. తీసుకెళ్లి మా ఇంజినీరుకు చూపించాను. "బాగుంది నర్సింహులూ, ఉంచిపో" అన్నాడు. దసరాకు ఆయుధపూజ నాడు అందరినీ నిలబెట్టి ఆ పట్టుకారు కనిపెట్టినందుకు సన్మానం చేశారు. ఎవరికనుకున్నావు? ఇంజినీరుకు. చప్పట్లు కొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను.

అందుకే చెబుతున్నాను. నీకు తోచింది నీ కడుపులోనే ఉంచుకో. జీతం తీసుకో, ఇంటికి రా.

అయినా ఒక మాట. ఆ సీసాలు రోజుకు ఎన్ని పగులుతున్నాయి? అన్ని షిఫ్టుల్లోనూ ఒకే లెక్కా? బల్ల మీద పెట్టేది ఎవరు? నువ్వు ఆ బల్ల పక్కన కదలకుండా ఒక గంట నిలబడి చూశావా? ఊరికే అడుగుతున్నాను.

తొక్కు డబ్బా ఇంద్రజ చేతికిచ్చాం. మూత గట్టిగా ఉంది, తీసేటప్పుడు పైన పోసుకోకు.

మీ మామ
నర్సింహులు

*

పటాన్‌చెరు,
జూన్ 23

మామకు,

ఊరికే అడిగిన నీ నాలుగు ప్రశ్నలు నాకు వారం రోజులు నిద్ర లేకుండా చేశాయి. ముందు ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. పెట్టెలో ఏమీ వేయొద్దన్నావు. నేను పైకి రావడం నీకు ఇష్టం లేదా?

సరే, జవాబులు. ఆరు రోజులు రాసి పెట్టాను. మిగతావాళ్లు బల్ల దగ్గర ఉన్నప్పుడు ఒక షిఫ్టుకు ముప్పై సీసాల దాకా పోతున్నాయి. బక్కమ్మ ఉన్నప్పుడు రెండో మూడో! బక్కమ్మ అంటే కాంట్రాక్టు కింద వచ్చే ఆమె. యాభై ఏళ్లుంటాయి. ఎవరితోనూ మాట్లాడదు.

నువ్వన్నట్టే బల్ల పక్కన నిలబడ్డాను. అందరూ సీసాలను పక్కపక్కనే తిన్నటి వరుసల్లో పెడతారు. ఆమె మాత్రం ముందు వరుసలో రెండు సీసాల నడుమ ఉన్న ఖాళీకి ఎదురుగా వెనక వరుస సీసా వచ్చేట్టు పెడుతోంది.

"అక్కా, గిట్లెందుకు పెడుతున్నవ్?" అని అడిగాను.

ఉలిక్కిపడింది. "తప్పైందా మేడం? తీసి మల్ల పెడ్త."

"తప్పు గాదు. ఎందుకో చెప్పు."

చేతిలో సీసా బల్ల మీద పెట్టి చెప్పింది. "బస్సెక్కేటప్పుడు సూడు మేడం. ఇద్దరు ఒక్కపారే డోర్ల దూరితే ఇద్దరూ ఇరుక్కుంటరు. ఒగలెన్క ఒగలు పోతే అందరెక్కుతరు. సీసాలు గుడ గంతే. పక్కపక్కకు వెడితే రెండు ఒక్కపారే సందుకాడికొచ్చి కొట్టుకుంటయ్. గిట్ల వెడితే ఒకటి ముంగట, ఒకటెన్క."

"ఎన్ని రోజుల సంది పెడుతున్నవ్?"

"రెండేండ్లాయె."

"మరి ఎవలకూ చెప్పలేదేంది?"

"ఎవలడిగిండ్రు?"

ఆమె చీపురుతో నిలబడ్డ ఒకామెను చూపించింది. "జెర నువ్వు గుడ చెప్పకు. సీసాలు పగుల్డు బందైతే ఊడ్సేటోళ్లెందుకంటరు. గామె నాగవల్లి, నా కోడలు. గాజు ఊడ్సుడే దాని పని."

ఎవరి పనీ పోనివ్వనని మాటిచ్చాను. "నువ్వే రాయి, నాకు రాత రాదు" అంది చివరికి. నెలాఖరున రాసి వేస్తాను.

రవళి

*

హత్నూర,
జూన్ 26

రవళి బిడ్డకు,

నువ్వు పైకి రావడం నాకు ఇష్టం లేదా అని రాశావు. ఆ ముక్క మీ అత్తకు చదివి వినిపించలేదు. చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చోబెట్టుకుని సంగారెడ్డి జాతరంతా తిప్పాను నిన్ను. ఇష్టం లేదని ఎలా అనుకున్నావు? నేను పడ్డది నువ్వు పడకూడదని రాశాను. పోనీలే.

బక్కమ్మ సంగతి చదివి షాపులో పని పక్కన పెట్టాను. బల్ల మీద బోల్టులు పేర్చి చూశాను. ఆమె చెప్పింది నూటికి నూరు పాళ్లు సరి. చదువుకున్నవాళ్లు మిషను మారుస్తారు. ఆమె చెయ్యి మాత్రమే మార్చింది. ఇన్నేళ్ల నా పనిలో ఇంత సులువైన మందు చూడలేదు.

చీటీలో ఆమె పేరు ముందు రాయి, పెద్ద అక్షరాలతో రాయి. నీ పేరు రాయకపోయినా పర్వాలేదు. ఆమె కోడలి విషయంలో ఇచ్చిన మాట ఎట్లా నిలబెడతావో ముందే ఆలోచించుకో.

అత్త బక్కమ్మకు కూడా ఒక డబ్బా పంపుతోంది. ఎవరని అడిగింది. సీసాలతో మాట్లాడే ఆమె అని చెప్పాను. మంత్రాలు చదువుతుందేమో అనుకుని భయపడింది.

మీ మామ

*

హత్నూర,
జూలై 22

చిరంజీవి రవళికి,

ఆదివారం ఇంద్రజ మా ఇంటికి వచ్చి మీ అత్తతో చెప్పింది. మీ అత్త నాకు చేతులతో చూపించింది. గేటు దగ్గర బోర్డు, దాని మీద నీ ఫొటో. తర్వాత కళ్లు తుడుచుకుని, గేటు బయటికి వెళ్లిపొమ్మన్నట్టు చేయి ఊపింది. బక్కమ్మ అని పెదవులతో పలికింది.

అంటే ఆమె ఆలోచన నీ పేరు మీదికి వచ్చింది, ఆమె పని పోయింది. అంతేగా?

మా ఇంజినీరును నేను ఇన్నేళ్లు తిట్టుకున్నాను. ఆయన కనీసం పరాయివాడు.

నీ గొడుగు ఇక్కడ మరిచిపోయావు. పంపుతున్నాను.

నర్సింహులు

*

పటాన్‌చెరు,
జూలై 25

మామా,

బక్కమ్మ పని పోలేదు. ఇంద్రజ చెప్పింది ఒకటి, అత్తమ్మ చేతులు చెప్పింది ఇంకొకటి. కానీ నీ ఉత్తరంలో సగం నిజం ఉంది. దాచకుండా రాస్తాను.

చీటీలో బక్కమ్మ పేరే రాశాను, పెద్ద అక్షరాలతోనే. మూడు షిఫ్టుల్లోనూ ఆమె పద్ధతి పెట్టించారు. పగలడం దాదాపు ఆగిపోయింది. పోయిన వారం సోమవారం గేటు దగ్గరికి వచ్చేసరికి బోర్డు మీద నా ఫొటో ఉంది. ఇది పర్మినెంటు వాళ్ల కోసం పెట్టిన పథకమట, కాంట్రాక్టు వాళ్ల పేర్లు పెట్టే వీల్లేదట. అందుకని లైను సూపర్‌వైజర్ పేరు పెట్టేశారు.

అప్పుడే అడగాల్సింది. అడగలేదు. ఆ రోజు చాలామంది నన్ను ఆపి మెచ్చుకున్నారు. అమ్మ ఫోన్లో ఫొటో చూసి చుట్టాలందరికీ చెప్పుకుంది. రేపు అడుగుదాంలే, ఎల్లుండి అడుగుదాంలే అనుకుంటూ నాలుగు రోజులు ఊరుకున్నాను. ఆ నాలుగు రోజులూ బక్కమ్మ నా వైపు చూడలేదు. నేనూ ఆమె వైపు చూడలేదు.

ఐదో రోజు, వచ్చే నెలాఖరు నుంచి ఊడ్చేవాళ్లు ఇద్దరు అక్కర్లేదని కాగితం వచ్చింది. అందులో నాగవల్లి పేరుంది. అది తీసుకుని రాజారావు సార్ దగ్గరికి పోయాను.

"సార్, గా ఆలోచన నాది కాదు."

"ఎవరిదైతే ఏందమ్మా, లైను నడుస్తోంది కదా."

"నడిపిచ్చిన మనిషి కోడలినే తీసేస్తున్నరు సార్."

ఆయన కంప్యూటర్ నుంచి తల తిప్పలేదు. "అది హెచ్‌ఆర్ వాళ్ల పని" అన్నారు. నేను బయటికి వచ్చి బోర్డు మీద నుంచి నా ఫొటో పీకేశాను. దానికి నాకొక మెమో ఇచ్చారు.

బక్కమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఏమందో తెలుసా? "నీ ఫొటో తీస్తే నా కోడలి పని ఉంటదా? మాటిచ్చినవ్ గదా బిడ్డా." అంతే అంది.

నిన్నటి నుంచి ఆమె సీసాలను అందరిలాగే పక్కపక్కన పెడుతోంది. మిగతా షిఫ్టుల ఆడవాళ్లు కూడా. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. నిన్న ఒక్కరోజే ఎనభై ఏడు పగిలాయి.

నేనేం చేయాలో తెలియడం లేదు మామా. ఇంకొకటి అడుగుతాను, తప్పయితే క్షమించు. పట్టుకారు తర్వాత నువ్వు ఇరవై ఏళ్లు అక్కడే పనిచేశావు కదా. నీకు మళ్లీ ఏ ఆలోచనా రాలేదా?

రవళి

*

హత్నూర,
ఆగస్టు 3

నా బిడ్డ రవళికి,

నన్ను క్షమించు. నీ మాట ఒక్కటీ వినకుండానే తీర్పు చెప్పాను. ఫొటో పీకినందుకు మెమో ఇచ్చారా? ఆ కాగితం పారేయకు. మీ అత్తకు నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ఇంత చిన్న ముక్క తప్పుగా చూపించానా అని చాలా బాధపడింది.

నువ్వు అడిగినదానికి వారం రోజులుగా జవాబు రాస్తూ చింపేస్తున్నాను.

ఆలోచన వచ్చింది. తర్వాత వచ్చిన కొత్త ప్రెస్‌లలో కోసిన ముక్కలు వాటంతట అవే జారి ఇనుప తొట్టిలో పడేవి. నిమిషానికి అరవై ముక్కలు, ఎనిమిది గంటలు, ఇనుము మీద ఇనుము. అసలు మోత అదే, మిషనుది కాదు. ఆ జారుడు రేకుకూ తొట్టికీ లోపల పాత రబ్బరు బెల్టు ముక్కలు పరిస్తే చప్పుడు సగానికి సగం తగ్గిపోతుంది. బెల్టు ముక్కలు స్టోరు వెనక గుట్టలుగా పడి ఉండేవి. సన్మానం జరిగిన ఏడాదికే నాకు తోచింది. ఒక పూట పని.

చెప్పలేదు. మళ్లీ ఆ ఇంజినీరుకు దండ పడుతుందని చెప్పలేదు. ఆయన బదిలీ అయిపోయాడు, ఇంకొకాయన వచ్చాడు. అయినా చెప్పలేదు. పందొమ్మిదేళ్లు ఆ మోతలోనే నిలబడి, వీళ్లకు తగిన శాస్తి అనుకున్నాను. ఎవరికి జరిగింది శాస్తి? నా చెవులు పోయాయి. నా పక్క మిషను పెద్దరాములు చెవులు పోయాయి. అతని గొంతు నీకు గుర్తుందో లేదో, మన ఊరి భజనకు అతనే ముందుండేవాడు. తన పాట తనకే వినపడక పాడటం మానేశాడు. ఇప్పటికీ వారానికి ఒకసారి షాపుకు వస్తాడు. ఇద్దరం చాయ్ తాగి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటాం. ఇది అతనికి ఈ రోజు దాకా చెప్పలేదు.

నీ కడుపులోనే ఉంచుకో అని నీకు రాశాను చూడు, అది నా కోపం రాసిన మాట. దాన్ని కొట్టెయ్యి.

బక్కమ్మ దగ్గరికి పో. పేరు గురించి కాదు, నాగవల్లి గురించి మాట్లాడు. మీ సార్‌ను ఆఫీసులో కలవకు. ఆ బల్ల దగ్గరికి రప్పించు.

మామ

*

పటాన్‌చెరు,
సెప్టెంబర్ 14

మామకు, అత్తమ్మకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ హత్నూర బస్సెక్కి రావాలనిపించింది. బతుకమ్మకు వస్తాను, అప్పుడు మాట్లాడుకుందాం. ఇక్కడి సంగతి వింటే నీకు కాస్త మనసు తేలికపడుతుంది.

రాజారావు సార్‌ను పిలవాల్సిన అవసరమే రాలేదు. వారం రోజులు రోజుకు ఎనభై, తొంభై సీసాలు పగిలేసరికి ఆయనే దిగివచ్చారు. తలకు టోపీ, కాళ్లకు తొడుగులు వేసుకుని బల్ల దగ్గర నిలబడ్డారు. "పద్ధతి మార్చాం కదా, మళ్లీ ఎందుకు పగులుతున్నాయి?" అని నన్నడిగారు.

"నాకు తెల్వదు సార్. ఆమెనడగండి" అన్నాను.

ఆయన బక్కమ్మ వైపు తిరిగారు. పేరు తెలియదు. ఛాతీ మీద కార్డు వంగి చదివి, "బక్కమ్మా, ఏమైందమ్మా?" అన్నారు.

బక్కమ్మ చేతిలో పని ఆపలేదు. "సీసాలెట్ల వెట్టాల్నో నాకెరుకే సార్. మూతలకాడ సగం మూతలు ఎందుకు వంకర వడ్తయో గుడ ఎరుకే. లేబుల్ ఎందుకు ముడత వడ్తదో గుడ ఎరుకే. ఇంకో మూడున్నయ్. నా కోడలి పని ఉంటదని చెప్పు, అన్నీ చెప్త."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. నవ్వబోయి ఆగిపోయారు. "ఇవన్నీ ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?" అన్నారు. నాతో అన్న మాటే ఆయనతోనూ అంది. "ఎవలడిగిండ్రు సార్?"

ఆయన ఒక ట్రేలోంచి సీసాలు తీసి బల్ల మీద పెట్టబోయారు. "గట్ల గాదు సార్!" అని బక్కమ్మ ఆయన చేతి మీద ఒక్కటి వేసింది. కొట్టాక గానీ తానేం చేసిందో ఆమెకు తెలియలేదు. నాగవల్లి చీపురు వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రాజారావు సార్ మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని, "మరి ఎట్లా?" అని అడిగారు. పది నిమిషాలు నేర్చుకున్నారు మామా. మొదటిసారి పెట్టినవి మూడు పగిలాయి.

నాగవల్లిని, ఇంకొకామెను లేబుళ్లు చూసే పనిలో పెట్టారు. నోటిమాట చాలదని కాగితం మీద రాయించుకున్నాను. ఇప్పుడు ప్రతి బుధవారం పొద్దున పది నిమిషాలు లైను దగ్గరే అందరం నిలబడి మాట్లాడుకుంటాం. రాత రానివాళ్లది నేను రాస్తాను, ఎవరు చెప్పింది వాళ్ల పేరు మీదే. కాంట్రాక్టు వాళ్ల పేర్లు ఒప్పించడానికి సార్ పైవాళ్లతో రెండు వారాలు కొట్లాడారు. పోయిన శుక్రవారం బోర్డు మీద బక్కమ్మ ఫొటో వచ్చింది. తన ముఖం అంత నల్లగా లేదని గొడవ చేస్తోంది.

నా మెమో ఇంకా వెనక్కి తీసుకోలేదు. ఉండనీ.

మీ
రవళి

*

హత్నూర,
అక్టోబర్ 26, ఆదివారం

రవళి బిడ్డకు దీవెనలు.

నువ్వు బతుకమ్మకు వచ్చి వెళ్లినప్పుడు నీతో చెప్పని పని ఒకటి తర్వాత చేశాను. ముందు పెద్దరాములుకు అంతా చెప్పాను. చెప్పానంటే, పలక మీద రాసి ఇచ్చాను. చదివాడు. పలక తుడిచాడు. షాపు బయటికి పోయి కూర్చున్నాడు. ఇగ రాడనుకున్నాను. కాసేపటికి లోపలికి వచ్చి పలక మీద ఒక్క ముక్క రాశాడు. "ఇప్పుడు చెబుదాం పా."

ఇద్దరం పటాన్‌చెరు పోయాం. మా పాత ప్రెస్ షాపు ఇంకా నడుస్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో అరిచాడు. ఇద్దరు చెవిటివాళ్లను చూసి ఏం చేయాలో అతనికి తోచలేదు. నేను గీసిన బొమ్మ చేతికిచ్చాను. లోపలి నుంచి హరిచందన అనే ఇంజినీరమ్మాయి వచ్చింది, నీ వయసే ఉంటుంది. బొమ్మ చూసి, మమ్మల్ని చూసి, అక్కడే నేల మీద మా పక్కన కూర్చుని కాగితం మీద ప్రశ్నలు రాయడం మొదలుపెట్టింది. ఎంత మందం? ఎట్లా అంటించాలి? నూనెకు రబ్బరు ఉబ్బదా? ఆఖరి ప్రశ్న, "మీ ఇద్దరి పేర్లేమిటి?"

పోయిన బుధవారం మళ్లీ రమ్మంది. ఒక మిషనుకు పెట్టి చూపించింది. ఫోనులో ఏవో అంకెలు చూపించి తగ్గింది, తగ్గింది అని సైగ చేసింది. తగ్గిందో లేదో మా ఇద్దరికీ తెలిసే దారేది? మర్యాదకు తలూపాం.

అప్పుడు పెద్దరాములు నా మోచేయి పట్టి పక్కకు చూపించాడు. ఆ ప్రెస్ దగ్గర ఇద్దరు ఆడవాళ్లు పనిచేస్తున్నారు. ఒకామె చేతిలో పని ఆపకుండా, తల కూడా తిప్పకుండా ఏదో అంది. రెండో ఆమె చెవి దగ్గరికి తేలేదు, ఏమిటని మళ్లీ అడగలేదు. విని నవ్వింది.

మేమిద్దరం అక్కడ చాలాసేపు నిలబడి వాళ్లు మాట్లాడుకోవడం చూశాం.

మీ మామ
నర్సింహులు